పాడె తిరిగే జాగ

మా ఇంట్లో అందరూ ఇండ్లు కట్టినవాళ్ళే. మా నాయిన పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, కాలువ తవ్వమంటే కాలువ దగ్గరికి, బిల్డింగు లేపమంటే పట్నానికి పోయినవాడు. మా అమ్మ తల మీద ఇసుక తట్టలు మోసింది. నేను కడుపులో ఉన్నప్పుడు నాలుగో అంతస్తుకు ఇటుకలు మోసిందట. స్లాబు పడి, రంగులు పడి, గేటు పడ్డాక ఆ గేటు లోపలికి మళ్ళీ అడుగు పెట్టలేదు. సిటీ బస్సులో పోతుంటే "గది మనం కట్టిందే బిడ్డా" అని అమ్మ అపార్టుమెంట్లను వేలు పెట్టి చూపించేది. చిన్నప్పుడు ఆ మాటకు నాకు గర్వంగా ఉండేది. నాలుగక్షరాలు వచ్చాక అదే మాటకు కడుపు మండేది.

2016 ఎండాకాలంలో ఒక ఇంజనీరు సారు మా బస్తీకి వచ్చి, వేపచెట్టు గద్దె మీద మ్యాపు పరిచాడు. అప్పటికే సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్‌రూం ఇండ్లు కట్టి, 2015 నవంబరులో ఇచ్చారు. మా వాళ్ళు బస్సెక్కి పోయి చూసొచ్చారు. గోడలు తడిమి చూసొచ్చారు. మాకూ అట్లాంటివే వస్తాయన్నాడు సారు. మా 64 ఇండ్లు కూలగొట్టి నాలుగు బిల్డింగులు కడతారు. కింద నాలుగిండ్లు, ఆపైన మూడంతస్తుల్లో నాలుగేసి ఇండ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు బాత్రూంలు. పైసా కట్టే పని లేదు.

అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. ఆరుగురం ఒక్క రేకుల గదిలో పెరిగినవాళ్ళం. వానొస్తే మంచం మీద బియ్యం డబ్బా, మంచం కింద మేము. సంబరపడకుండా ఎట్లా ఉంటాం?

మా అమ్మ ఒక్కతే మ్యాపు మీద వేలు పెట్టి అడిగింది. "సారూ, ఇవి మెట్లా? గింత సన్నగున్నయి. సావైతే పాడె ఎట్ల దిగుతది?"

సారు నవ్వాడు. "బతకనీకి ఇల్లిస్తుంటే సావు ముచ్చటెందుకమ్మా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. టీచరమ్మ తల్లి ఇట్లా అడిగిందే అని నాకే సిగ్గనిపించింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మా పెదనాయినకు పట్నం చివర సర్కారు కట్టిన మూడంతస్తుల బిల్డింగులో ఇల్లొచ్చింది. 2014లో ఆయన మూడో అంతస్తులో చనిపోయాడు. పాడె పైకి పోలేదు. పెదనాయినను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాల కట్టి, నలుగురు పట్టుకొని దించారు. మలుపు దగ్గర తల గోడకు తగిలింది. కింద డప్పు కొట్టడానికి జాగ లేదు. మోటారు సైకిళ్ళ మధ్య పాడె కట్టారు. బతుకంతా మెట్లు కట్టిన మనిషి మెట్ల మీద అట్లా దిగాడు. అమ్మ అది చూసింది. నేనూ చూసి మరిచిపోయాను. అమ్మ మరువలేదు.

మా నాయిన మాత్రం పాత బస్తీలోనే పోయాడు. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఆ పొద్దు 64 ఇండ్లలో పొయ్యి వెలగలేదు. గద్దె మీద పాడె కట్టారు. డప్పులు మోగినయి. మూడు రోజులు మాకు ఎవరింటి నుంచి బువ్వ వచ్చిందో మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. నేను పరీక్ష రాయడానికి పోతే బస్సు పైసలు పక్కింటి మాల అత్త ఇచ్చింది.

ఇదంతా చెప్పి మా బస్తీ స్వర్గమని చెప్పడం లేదు. పొద్దు పొడవకముందే ఆడవాళ్ళం చెంబు పట్టుకొని రైలు పట్టాల వెంట పోయిన బతుకు అది. తాగి కొట్టే మొగుళ్ళు, నల్లా దగ్గర జుట్లు పట్టుకునే కొట్లాటలు, ఒకరి జ్వరం గల్లీ మొత్తానికి అంటుకోవడం, అన్నీ ఉన్నాయి. ఆడపిల్ల ఆలస్యంగా వస్తే 64 ఇండ్ల కళ్ళూ దాని మీదే. కలిసుండటం మాకు ఎవరూ నేర్పిన ఆదర్శం కాదు. ఒక్క నల్లా, ఒక్క చెట్టు, ఒక్క గద్దె ఉంటే కలిసుండక ఏం చేస్తాం? కానీ ఆ కలుపుగోలుతనమే మమ్మల్ని బతికించింది. నన్ను బడికి పంపింది కూడా అదే. అమ్మ కూలికి పోతే నాకు తినబెట్టిన ఇండ్లు ఎన్నో లెక్క లేదు.

సోషల్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఊరి పటం గీయిస్తాను. అందులో మా పాలమూరు ఊరి పటం కూడా బోర్డు మీద వేస్తాను. ఊరు మెరక మీద ఉంటుంది. మాదిగవాడ పల్లంలో, ఊరి మురుగు వచ్చి చేరే దిక్కున ఉంటుంది. ఇది దానంతటది అయింది కాదు. ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరి నీళ్ళు ఎటు పారాలో, ఎవరి శవం ఏ దారిన పోవాలో ఎవరో నిర్ణయించారు. వెలివాడ కూడా ఒక ప్లానే. దాన్ని గీసినవాడు మమ్మల్ని అడగలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఊచకోత జరిగాక, బతికిన మాదిగలు చీరాలకు తరలివచ్చి అక్కడే కొత్త వాడ నిలబెట్టుకున్నారు. ఎక్కడుండాలో మేమే చెప్తామన్న మాట అది. మరి ఇప్పుడు మా గద్దె మీద పరిచిన మ్యాపును మేమెందుకు అడగకూడదు?

నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి అప్పుడు ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరంలో ఉంది. మా బస్తీ పిల్లే. "మేడం, కాగితం మీద గీస్తే మనవాళ్ళకు తెల్వది. నేల మీద గీద్దాం" అంది. ఒక ఆదివారం మా బడి గ్రౌండు అడిగి తీసుకున్నాం. టేపుతో కొలిచి, సున్నంతో ఇంటి పటం నిజం కొలతల్లో గీశాం. మొత్తం అంతస్తు, నాలుగిండ్లు, మధ్యలో మెట్లు.

ఆడవాళ్ళు ఆ గీతల మధ్య తిరిగారు. ఒకామె వంటగదిలో నిలబడి చేతులు చాపి చూసుకుంది. ఒకామె బాత్రూంలో కూర్చొని, తలుపు వేసుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకొని కండ్లనీళ్ళు తీసుకుంది. నలభై ఏండ్లొచ్చినా తలుపున్న బాత్రూం లేదామెకు. "ఈడ కూసుంటే పక్కింటి ముచ్చట ఏమినిపిస్తది?" అని ఒక ముసలమ్మ హాలులోంచి అడిగింది. నాలుగు తలుపులూ మెట్ల దగ్గర ఒక చీకటి చదరంలోకి తెరుచుకుంటున్నాయి. ఎవరికీ గద్దె కనబడదు, చెట్టు కనబడదు, ఆడుకునే పిల్లలు కనబడరు.

అప్పుడు మా అమ్మ కట్టెల పాడె మీద పండుకుంటానంది. అపశకునమని ఆడవాళ్ళు తిట్టారు. "ఎట్లయినా పొయ్యేదాన్నే, కొలత చూసుకోని పోత" అంది. నలుగురు పిలగాండ్లు ఆమెను ఎత్తుకొని సున్నపు మెట్ల మీద నడిచారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందున్న ఇద్దరి కాళ్ళు గీత దాటి గోడలోకి పోయాయి. మళ్ళీ వెనక్కి పోయి తిప్పారు. ఈసారి వెనకాలవాళ్ళు గోడలోకి పోయారు. అమ్మ పాడె మీది నుంచే "సూసిన్రా?" అని అరిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు నుంచి నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. సొంతంగా ఏం ఉండాలి, ఉమ్మడిగా ఏం ఉండాలి అన్నదే లెక్క. మెట్లు మూడడుగులు కాదు, ఐదడుగులు కావాలన్నాం. అన్ని తలుపులూ ఏడడుగుల వరండాలోకి తెరవాలి, వరండా గద్దె వైపు చూడాలి. పడమటి ఎండ గోడల మీద నేరుగా పడకుండా అదే నీడ అవుతుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది. ప్రతి అంతస్తు మూలన బట్టలుతుక్కునే బండ. కింది ఇండ్లు ముసలివాళ్ళకూ, నడవలేనివాళ్ళకూ. కింద ఒక పెద్ద గది, రాత్రి పిల్లలు చదువుకోవడానికి. వేపచెట్టు కొట్టొద్దు. కప్పు మీది వాననీళ్ళు బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పోవాలి. మోటారు ఎవరు వేయాలి, బిల్లు ఎవరు కట్టాలి అన్నది కూడా ఇల్లు కట్టకముందే రాసుకోవాలి.

వరండాకు జాగ ఎక్కడిది? ఏదో ఒకటి తగ్గించాలి. రెండు బాత్రూంలలో ఒకటి తీసేద్దామన్నాడు ఒక మగాయన. ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు. పట్టాల వెంట పోయింది మేము, మీరు కాదన్నారు. చివరికి రెండో పడక గదిలో అడుగున్నర, హాలులో అడుగు తగ్గించుకున్నాం.

ఇట్లాంటివి వేరే దేశాల్లో ఉన్నాయని మా పిల్ల చెప్పింది. డెన్మార్క్‌లో 1972లో కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన 27 కుటుంబాలు కలిసి ఒక వాడ కట్టుకున్నాయట. ఎవరిల్లు వారిదే. నడుమ అందరికీ ఒక ఉమ్మడి ఇల్లు, ఉమ్మడి భోజనం. దానికి ముందు 1967లో అక్కడి ఒక రచయిత్రి, ప్రతి పిల్లకూ వందమంది తల్లిదండ్రులుండాలని పత్రికలో రాసిందట. విని నేను నవ్వాను. నాకు ఆ వందమందీ ఉన్నారు. తేడా ఒక్కటే. వాళ్ళు కలిసుండటాన్ని ఎంచుకున్నారు. మమ్మల్ని ఊరు ఒక్కచోటికి తోసింది. తోసిన చోట మేం కట్టుకున్న బంధాన్ని ఇప్పుడు మ్యాపు విడగొడుతుంది.

అంత దూరం పోనక్కర్లేదు. బాబాసాహెబ్ బొంబాయిలో పరేల్ దగ్గర బీఐటీ చాల్‌లో ఇరవై ఏండ్లకు పైగా ఉన్నాడు. చాల్ అంటే వరుసగా గదులు, అందరి తలుపులూ ఒకే పొడుగు వరండాలోకి. పూనా ఎరవాడలో కేంద్ర పథకం కింద మురికివాడను మొత్తం కూలగొట్టకుండా, గల్లీలు ఉన్నచోటే ఉంచి, ఒక్కో ఇంటినీ పక్కా చేశారు. మహిళా మిలన్ ఆడవాళ్ళు ముందుండి నడిపించారు. మేం అడిగింది వింత కాదని చెప్పడానికే ఇవి రాస్తున్నాను.

ఇప్పుడు మా తప్పు చెప్పాలి. ఇది చెప్పకపోతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

మా బస్తీలో మాదిగ ఇండ్లు ఎక్కువ. తర్వాత మాల ఇండ్లు. ఐదు మెహతర్ ఇండ్లు. వాళ్ళు ఎప్పుడో ఉత్తరాది నుంచి పాకీ పనికి తేబడినవాళ్ళు, హిందీ మాట్లాడతారు. నాలుగో ఆదివారం ఎవరు ఎవరి పక్కన ఉండాలో గీసుకున్నాం. విడిపోవద్దు, కలిసినవాళ్ళం కలిసే ఉందామనుకున్నాం. సున్నం డబ్బా నా చేతిలోనే ఉంది. గీసి పేర్లు రాశాను. మెహతర్ ఇండ్ల అమ్మాయి ఒకతి, ఇంటర్ చదివే పిల్ల, గీతల మధ్య నడుచుకుంటూ వచ్చి వాళ్ళ ఇండ్ల దగ్గర ఆగింది. ఐదూ ఒక్కచోట, చివరి బిల్డింగులో, మోరీ చాంబర్ పక్కన. "టీచర్, ఇక్కడ కూడా మేమే మోరీ పక్కనా?" అంది.

ఎవరూ నోరెత్తలేదు. ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి అట్లా గీసింది. వర్గీకరణ మీద మా గద్దె మీద 1994లో దండోరా పుట్టినప్పటి నుంచి మాటలు నడుస్తున్నాయి. వాటా గురించి అడిగే మాకు, ఒప్పుకోని వాళ్ళకూ, మోరీ పక్క వాటా ఎవరికిస్తున్నామో కనబడలేదు. ఊరు మాకు గీసిన పటాన్నే నేను వాళ్ళకు గీశాను. బోర్డు మీద ఇన్నేండ్లు ఆ పటం వేసి పాఠం చెప్పినదాన్ని.

చీపురు తెచ్చి ఆ గీతలు చెరిపాం. కానీ మళ్ళీ గీయడం అంత తేలిక కాలేదు. కలిపి వేద్దామంటే "వాళ్ళు పందిమాంసం వండుతరు" అన్నవాళ్ళున్నారు. ఎద్దుమాంసం తింటావని ఊరు నిన్ను అన్నమాట యాదికి లేదా అని నేను అడిగాను. యాదికుంది, కానీ తల దించుకోలేదు. ఆ పొద్దు పటం పూర్తి కాకుండానే లేచాం.

వేలిముద్రలు, సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. 2017లో ఇండ్లు కూలగొట్టారు. ఏడాదిలో ఇస్తామన్నారు. ఐదేండ్లు పట్టింది. ఆ ఐదేండ్లు 64 ఇండ్లు 64 దిక్కులకు పోయాయి. సర్కారు టీచర్ని, నెలనెలా జీతం వస్తుంది, నాకు కిరాయి ఇల్లు దొరకడం ఏం కష్టమనుకున్నాను. ఒక అపార్టుమెంటులో అన్నీ కుదిరాక, మాంసం తింటారా అని, సొంతూరు ఏదని, ఊళ్ళో ఇల్లు ఏ వైపని అడిగారు. మరుసటి రోజు ఇల్లు లేదన్నారు. అది మా అమ్మ ఇటుకలు మోసిన బిల్డింగే. 1917లో బరోడా కొలువుకు పోయిన అంబేడ్కర్‌కు ఇల్లు దొరకక, పారసీ పేరుతో పారసీల సత్రంలో ఉంటే, కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. వంద ఏండ్ల తర్వాత నా ముందు కర్ర లేదు. నవ్వుతూ చెప్పారు. అంతే తేడా.

2022లో తాళాలు ఇచ్చారు. మేం అడిగినవాటిలో వరండా రాలేదు. చదువుకునే గది రాలేదు. ఐదడుగుల మెట్లు వచ్చాయి. నాలుగు తలుపుల మధ్య జాగ పెరిగింది. బిల్డింగులు రెండేసి ఎదురెదురుగా, నడుమ గద్దె, వేపచెట్టు నిలిచాయి. ముసలివాళ్ళకు కింది ఇండ్లు ఇచ్చారు. మిగిలినవి చిట్టీలు తీశారు.

చిట్టీల మీద మేం పోట్లాడాం. అక్కాచెల్లెండ్లు రెండు బిల్డింగులకు విడిపోయారు, నిజమే. కానీ ఇంకో నిజం కూడా రాయాలి. చిట్టీకి కులం తెలియదు. మెహతర్ ఇండ్లు ఐదూ ఐదు చోట్ల పడ్డాయి. ఒకటి మా రెండో అంతస్తులో, నా తలుపుకు ఎదురు తలుపు. మేం నాలుగు ఆదివారాలు కూర్చొని చేయలేని పని ఒక కాగితం ముక్క చేసింది. అందుకని చిట్టీయే మంచిదని నేననను. కలిసుండటాన్ని మేమే గీసుకోవాలి, కానీ గీసే చేతిలో ఏముందో ముందు చూసుకోవాలి.

2023లో మా ఎదురింటి ముసలామె పోయింది. మేం ఆమెను దాదీ అనేవాళ్ళం. నాలుగు బిల్డింగుల్లో మొదటి చావు అది. భుజం పట్టిన నలుగురిలో ఇద్దరు వాళ్ళ పిల్లలు, ఒకడు మా తమ్ముడు, ఒకడు మాల అత్త కొడుకు. కొన్ని తలుపులు తెరుచుకోలేదు. అది కూడా చూశాను. మలుపు దగ్గర పాడె ఒక్కక్షణం ఆగింది, తిరిగింది, ఎవరి చెయ్యీ గోడకు తగల్లేదు. కింది అంతస్తు తలుపు దగ్గర కూర్చున్న మా అమ్మ లేచి నిలబడింది.

పిల్లలు ఇప్పుడూ గద్దె మీద వీధి దీపం కిందే చదువుకుంటున్నారు. ఆ గది కోసం అర్జీ ఇంకా తిరుగుతోంది. మొన్న పక్క బస్తీకి మ్యాపు వచ్చిందని ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. వచ్చే ఆదివారం పోతున్నాను. సున్నం డబ్బా ఈసారి నేను పట్టుకోను. ఆ ఇంటర్ చదివిన పిల్ల ఇప్పుడు నర్సు. డ్యూటీ మార్చుకొని వస్తానంది. గీతలు ఆమే గీస్తుంది.